కాల్వ నీళ్ళు కట్టిన దీవి

తెల్లవారుజామున నాలుగున్నరకే మునగాలలోని ఆ ఇంట్లో పోపు వాసన గుప్పుమంది. పులిహోరకు కావలసిన చింతపండు గుజ్జు ముందు రాత్రే ఉడికించి పెట్టారు. అన్నం బేసిన్‌లో ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, పల్లీలు, ఎండుమిరపకాయలు, ఇంగువ పడ్డ పోపు కలపడమే తరువాయి. పెద్ద స్టీలు డబ్బాలో పులిహోర, చిన్న డబ్బాలో పెరుగన్నం, మూడు సీసాల నీళ్ళు, నాలుగు జామకాయలు. పంతులమ్మగా పనిచేసి రిటైరైన పెద్దావిడ సంచీ మూతి కడుతూ మేనకోడలికి చెప్పింది. "పెరుగన్నం ఎండ ముదరకముందే తినాలె బిడ్డా. పులిహోర సాయంత్రం దాకా ఉంటది. దీవి మీద ఏం దొరుకుతదో, ఏం దొరకదో."

దీవి అన్న మాట ఆ ఇంట్లో నెల రోజులుగా నలుగుతోంది. కోదాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మేనకోడలు ఫోన్‌లో మాల్దీవుల బొమ్మలు చూసి చూసి, ఒక్కసారన్నా నాలుగు వైపులా నీళ్ళున్న నేల మీద నిలబడాలని కోరింది. మాల్దీవులకు విమానం కావాలి. అండమాన్‌కూ విమానమో, రోజుల తరబడి సాగే ఓడ ప్రయాణమో తప్పదు. లక్షద్వీపాలకు ముందే పర్మిట్ తెచ్చుకోవాలి. మూడెకరాల వరి మీద బతికే ఇంట్లో ఆ లెక్క ఎటు తిప్పినా కుదరదు. అప్పుడు మేనత్త అంది. "మన ఎడమ కాల్వ ఎక్కడ మొదలైతదో, ఆడ్నే ఉన్నది బిడ్డా ఒక దీవి. నాగార్జునకొండ. పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావొచ్చు."

తండ్రి కూడా వస్తానన్నాడు. గేట్లు ఎత్తినప్పుడల్లా సాగర్ వెళ్ళి డ్యామ్ చూసి, చేపల వేపుడు తిని తిరిగొచ్చిన మనిషే గాని, లాంచీ ఎక్కింది ఏనాడూ లేదు. ఆ మాటకొస్తే సాగర్ దాకా వెళ్ళినవాళ్ళలో దీవి మీద కాలు పెట్టకుండా వెనుదిరిగేవాళ్ళు చాలామంది. డ్యామ్ రోడ్డు మీదే కనిపిస్తుంది. దీవికి మాత్రం గంటసేపు నీళ్ళ మీద వెళ్ళాలి.

జనవరిలో ఒక ఆదివారం ఎంచుకున్నారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో జనం పలచగా ఉంటే లాంచీ నిండేదాకా ఎదురుచూడాలి. ఆదివారం ఆ బెంగ తక్కువ. పైగా జనవరి ఎండ భరించవచ్చు. భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర, పూర్తిగా ఉష్ణమండలంలో ఉన్న ఆ రాతి కొండ మీద మే నెలలో మధ్యాహ్నం నడవడం మనుషుల వల్ల కాదు.

మునగాల నుంచి సాగర్‌కు తిన్నగా బస్సు కోసం చూడటం కంటే ముక్కలు ముక్కలుగా వెళ్ళడమే మేలు. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద కోదాడ దాకా ఒక బస్సు. అక్కణ్ణుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు ఇంకొకటి. మిర్యాలగూడలో మారి నిడమనూరు, హాలియా, పెద్దవూర దాటితే సాగర్. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలకు ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే చాలు, కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ముగ్గురిలో టికెట్టు డబ్బులు పెట్టింది తండ్రి ఒక్కడే. మిగిలిన ఖర్చల్లా లాంచీ టికెట్టు, మ్యూజియం టికెట్టు, దారిలో రెండుసార్లు చాయ్. పదిహేనేళ్ళలోపు పిల్లలకు మ్యూజియం టికెట్టు కూడా అక్కర్లేదు. లాంచీ వేళలూ ధరలూ మారుతుంటాయి కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం తప్పనిసరి. మేనకోడలు ఆ పని చేసింది.

హుజూర్‌నగర్ దాటుతుంటే సిమెంటు లారీలు ఎదురయ్యాయి. మేళ్ళచెరువు, మఠంపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది నేల కింద ఉన్న సున్నపురాయి కోసం. కృష్ణకు అటూ ఇటూ పరచుకున్న ఈ సున్నపురాతి పొరల్లోంచే పదిహేడు వందల ఏళ్ళ కిందటి శిల్పులు పలకలు తీసి బుద్ధుడి కథలు చెక్కారు. మిర్యాలగూడ చేరేసరికి రైసుమిల్లుల పొగగొట్టాలు. ఆ మిల్లులు ఆడించే ధాన్యమంతా ఏ నీళ్ళతో పండిందో చూడటానికే అసలు ఈ ప్రయాణమని పంతులమ్మ అంది. ఆ మాటకు తమ్ముడు తల ఊపాడు. అతని మూడెకరాలూ ఎడమ కాల్వ కింది ఒక పిల్లకాల్వ చివర ఉన్నాయి. కాల్వ మొదట్లో ఉన్నవాళ్ళకు నీళ్ళంటే నీళ్ళే. చివర ఉన్నవాళ్ళకు నీళ్ళంటే వంతు, తూము, రాత్రి కాపలా.

దీవి అంటే ఏమిటో మునగాలకు వేరే చెప్పక్కర్లేదు. నిజాం రాజ్యం నట్టనడుమ మునగాల పరగణా చాలా కాలం బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో ఉన్న ముక్క. చుట్టూ హైదరాబాద్ సంస్థానం, లోపల మాత్రం కృష్ణా జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం. నైజాంలో చెల్లని మాట ఇక్కడ చెల్లేది. పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు నడిగూడెం కోటలో ఉండేవారు. ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టడానికి కారకుల్లో ఒకరు. నాలుగు దిక్కులా వేరే రాజ్యం ఉన్న ఈ చిన్న నేల నుంచి తెలుగు చరిత్ర రచనకు, తెలుగు పుస్తకానికి అంత అండ దొరికింది. పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో.

లక్ష్మణరావు శాసనాల కోసం ప్రాణం పెట్టిన మనిషి. 1923లో, నలభై ఆరేళ్ళకే కన్నుమూశారు. మరో మూడేళ్ళకు, 1926లో, ఆయన పనిచేసిన పరగణాకు ఒక్క రోజు ప్రయాణం దూరంలోనే కృష్ణ ఒడ్డు లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, శాసనాలతో సహా బయటపడింది. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ శాసనాలు ఆయన కళ్ళబడి ఉంటే ఎంత సంబరపడేవారో!

ఆ లోయ కథ మొదలైంది ఒక బడి పంతులు వల్ల. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు లోయలో నిలబడి ఉన్న రాతి స్తంభాన్ని చూసి ఊరుకోలేదు, పైవాళ్ళకు చెప్పాడు. మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఏ.ఆర్. సరస్వతి వచ్చి చూశాడు. తర్వాత పురావస్తు శాఖ తరఫున లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్ళీ పని అందుకున్నాడు. ఇంత పెద్ద సంగతి ఒక పంతులు కళ్ళు తెరుచుకుని నడవడం వల్ల జరిగిందని చెప్పేటప్పుడు రిటైరైన పంతులమ్మ గొంతు కొంచెం పెరిగింది. బస్సులో ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగి విన్నారు.

పదకొండు కాకముందే సాగర్ చేరారు. ఇక్కడి నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలన్న పట్టుదల వెనక చాలామంది ఉన్నారు. వాళ్ళలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. కాంక్రీటు పోతతో కాకుండా రాయి మీద రాయి పేర్చి, వేల మంది కూలీల చేతుల మీదుగా లేచిన కట్ట అది. కుడి కాల్వకు జవహర్ పేరు, ఎడమ కాల్వకు లాల్ బహదూర్ పేరు. రెండింటి కింద తలపెట్టిన ఆయకట్టు ఇరవై లక్షల ఎకరాలకు పైనే.

నీళ్ళు నిలిస్తే నిండు మట్టం 590 అడుగులు. ఆ నీళ్ళ కింద లోయ మొత్తం మునిగింది. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళు పోయాయి. ఇక్ష్వాకుల విజయపురి పోయింది. నీళ్ళు రాకముందే ఎంత వీలైతే అంత తవ్వి తీయాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయను జల్లెడ పట్టింది. ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకా, రాయి రాయీ లెక్కపెట్టి విప్పి, నీటి మట్టం కంటే ఎత్తున ఉన్న నాగార్జునకొండ మీదికి కొన్నింటిని, తూర్పు ఒడ్డున అనుపుకు కొన్నింటిని తరలించి మళ్ళీ కట్టారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుడులను కోసి పైకి తరలించడం 1964లో మొదలైంది. ప్రపంచమంతా దాని గురించి చెప్పుకుంటుంది. అంతకు ముందే కృష్ణ ఒడ్డున ఇంత పని జరిగిందని మన పిల్లలకు పాఠంగా చెప్పేవాళ్ళు తక్కువ. చెప్పాలి.

రేవులో లాంచీ నిండటానికి ముప్పావు గంట పట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, మాచర్ల వైపు చుట్టరికం ఉన్న కొత్త దంపతులు, కెమెరా మెడలో వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు. ఎదురుచూసేటప్పుడే పెరుగన్నం డబ్బా ఖాళీ చేశారు. ఇంజను మొదలయ్యాక కాళ్ళ కింద చెక్క సన్నగా అదరడం మొదలైంది. డీజిలు వాసన కాసేపే. ఒడ్డు దూరమయ్యేకొద్దీ గాలి చల్లబడింది. డ్యామ్ గోడ పక్క నుంచి వెనక్కి జరిగి, గీత మందాన మిగిలింది. నీళ్ళ రంగు ఒడ్డున మట్టిరంగు, నడిమధ్యన ముదురు పచ్చ.

తమ్ముడు అంచున కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "అక్కా, ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకుని, మా తూముకాడికి వచ్చేసరికి బొటనవేలు మందం వస్తయేంది?"

"ఎన్ని ఊళ్ళు దాటి రావాలె తమ్మీ" అంది ఆమె.

2024 సెప్టెంబరు మొదట్లో పడ్డ కుంభవృష్టికి నడిగూడెం మండలంలో ఎడమ కాల్వకు గండి పడి ఊళ్ళ మీదికి నీళ్ళు వచ్చిన సంగతి ఆ ప్రాంతంలో అందరికీ గుర్తే. తక్కువైనా బాధే, మీదికొచ్చినా బాధే. అంతటికీ మూలం ఈ నిశ్చలమైన నీళ్ళేనంటే నమ్మబుద్ధి కాదు.

గంటకు దీవి దగ్గరైంది. లాంచీ ఎక్కింది తెలంగాణలో, దిగుతున్నది ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో. కొండ మొత్తం నూట నలభై హెక్టార్ల పైచిలుకు. మెట్లెక్కి లోపలికి నడుస్తుంటే ముందు కనిపించేది పాత కోట గోడ. ఈ కొండ మీద మధ్యయుగాల్లో దుర్గం ఉండేది. 1515 ప్రాంతంలో కొండవీటి దండయాత్రలో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి గెలుచుకున్న కోటల జాబితాలో నాగార్జునకొండ కూడా ఉంది. అప్పుడు ఇది లోయలోకి చూసే కొండ. ఇప్పుడు ఆ లోయ నీళ్ళయింది, కొండ దీవి అయింది.

వేపచెట్ల నీడలో దారి. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక కోరుకునేవాళ్ళు ఇక్కడికి రాకూడదు. ఇక్కడున్నది రాయి, గడ్డి, పిచ్చుకల అరుపు, నాలుగు వైపులా నీటి మెరుపు. మేనకోడలు కొసకు పరుగెత్తి, ఒక్కసారి గుండ్రంగా తిరిగి చూసింది. "అత్తమ్మా, నిజంగా నాలుగు దిక్కులా నీళ్ళే" అని అరిచింది. ఆ అరుపు కోసమే నెల రోజులు ఎదురుచూసినట్టు మేనత్త నవ్వింది.

మహాచైత్యం దగ్గర వాళ్ళు ఎక్కువసేపు ఆగారు. లోయలో నీళ్ళ కింద మిగలాల్సిన స్తూపాన్ని ఇక్కడ తిరిగి కట్టారు. నేలమట్టంలో చూస్తే పెద్ద వృత్తం, వ్యాసం 32 మీటర్లకు పైనే. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు. ఒక్కో వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు నిలబెట్టడం ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత. లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు లోపలి నిర్మాణం బండి చక్రంలా కనిపించింది. ఇరుసు, ఆకులు, కమ్మీ ఇటుకలతో కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఇటుక కలిసొస్తుంది, కట్టడం గట్టిగా నిలుస్తుంది. స్తూపంలో దొరికిన చిన్న బంగారు భరిణలోని అస్థి శకలం తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది.

ఈ మహాచైత్యం కట్టించింది ఒక మేనత్త.

ఆమె పేరు చాంతిసిరి. ఇక్ష్వాకు వంశానికి మొదటివాడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి తోబుట్టువు. అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు రాజయ్యాక, ఆరో పాలనా సంవత్సరంలో ఆమె స్తూపాన్ని పూర్తి చేయించింది. ఆయక స్తంభాల మీది శాసనాల్లో తన అల్లుడు రాజుగారి ఆయుష్షు పెరగాలని కోరుకుంది. వీరపురుషదత్తుడు ఆమెకు మేనల్లుడు, అల్లుడు కూడా. అంతేకాదు, ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్ళు బాపిసిరి, ఛఠిసిరి కూడా అతని రాణులే. శాసనాలను చదివి ప్రచురించిన డచ్ పండితుడు వోగెల్‌కు ఈ చుట్టరికం వివరించి చెప్పవలసిన విషయం. మన ఊళ్ళలో మేనరికం అన్న ఒక్క మాట చాలు. మూడో శతాబ్దపు రాజకుటుంబం చప్పున మన వీధిలోకి వచ్చి కూర్చుంటుంది.

"అంటే మేనత్త పైసలు పెట్టి కట్టించింది ఇదంతా" అంది మేనకోడలు.

"ఆమెకు ఉండె, పెట్టింది. నేను పులిహోర పెడుతున్న" అని మేనత్త సంచీ విప్పింది.

ఆ కుటుంబం గురించి ఇంకొక మాట. చాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు, కార్తికేయుడి భక్తుడు. ఆయన ఇంటి ఆడవాళ్ళు బుద్ధుడికి స్తూపాలు, విహారాలు కట్టించారు. లోయలో బౌద్ధ విహారాల పక్కనే కార్తికేయుడి గుడి, అష్టభుజస్వామి గుడి, పుష్పభద్రస్వామి గుడి కూడా బయటపడ్డాయి. ఒకే ఇంట్లో రెండు పూజలు, ఒకే లోయలో రెండు రకాల కట్టడాలు. సుమారు నూరేళ్ళు సాగిన ఇక్ష్వాకుల పాలనలో ఇది మామూలు విషయంగానే నడిచినట్టుంది.

1966లో తెరిచిన మ్యూజియంలోకి అడుగుపెడితే ముందు కళ్ళు చీకటికి అలవాటు పడాలి. తర్వాత లేత ఆకుపచ్చ జీర ఉన్న తెల్లటి సున్నపురాయి మెల్లగా వెలుగుతుంది. మూడు మీటర్ల ఎత్తున నిలబడ్డ బుద్ధుడు. ఎడమ భుజం మీది నుంచి జారిన వస్త్రం మడతలు వేలితో తాకితే కదులుతాయేమో అన్నంత మెత్తగా ఉన్నాయి. ఇంకొక చోట గడ్డం మనిషి, ఒంటి పైన బట్ట లేదు, చేతిలో కొమ్ము పాత్ర. గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ అంటారు. రోము నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి. కృష్ణ మీదుగా తీరానికి, తీరం నుంచి సముద్రాల అవతలికి సరుకు వెళ్ళిన కాలం అది.

అన్నిటికంటే ఎక్కువసేపు మేనకోడలు నిలబడింది ఒక శాసనం ముందు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. మామూలు అశోకుడి బ్రాహ్మిలా పొట్టి గీతలు కావు. అక్షరం నిలువు గీత కిందికి పొడవుగా సాగి, కొసన వంపు తిరుగుతుంది. గుడి దీర్ఘాలు పైకి తీగలా లేస్తాయి. చెక్కినవాడి ఉలి రాయి మీద సిరా లాగా పారిందా అనిపిస్తుంది. ఆ పిల్ల పర్సులోంచి జీరో టికెట్ తీసి, వెనక వైపు ఖాళీలో పెన్నుతో ఒక అక్షరం గీసుకుంది. మొదటిసారి వంపు తప్పింది. పక్కన ఇంకోటి గీసింది.

రాజు ఇంటివాళ్ళే కాదు, మామూలు గృహస్థుల ఇంటి ఆడవాళ్ళూ ఇక్కడ రాళ్ళ మీద మాట్లాడారు. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట బోధిసిరి అనే ఉపాసిక లోయలోని చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, సింహళం నుంచి వచ్చిన థేరులకు, అంటే పెద్ద భిక్షువులకు, అంకితం చేసింది. ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ దేశాల పేర్లున్నాయి. అన్నిటికీ చివర తంబపంనిదీపం, అంటే ఈనాటి శ్రీలంక. దీపం అంటే దీవి. ఆమె వేరే చోట్ల చేయించిన పనుల పట్టికలో కంటకసోల పేరు కూడా ఉంది. ఈనాటి కృష్ణా జిల్లా ఘంటసాల అదే. ఆకాశం అంచు దాకా తెలిసిన పేర్లన్నీ పోగు చేసి ఒక గృహిణి రాయి మీద చెక్కించింది. వాటిలో ఒక దీవి పేరు కూడా ఉంది. ఆ రాయి ఇప్పుడు ఇంకో దీవి మీద ఉంది.

మునిగిన లోయ నమూనా ఒకటి మ్యూజియంలో పరిచి పెట్టారు. కొండలు, విహారాలు, కోట, వాగు, రంగస్థలం, స్నానఘట్టం ఏవి ఎక్కడ ఉండేవో అందులో కనిపిస్తుంది. రైతు ముందుకు వంగి ఎత్తుపల్లాలు చూశాడు. ఎక్కడి నుంచి నీరు ఎటు పారుతుందో అతని కళ్ళు వాటంతటవే లెక్క కడతాయి. "ఈ లోయ కింద మంచి రేగడి భూములే ఉండి ఉంటయి అక్కా" అన్నాడు. కాసేపాగి, "ఈళ్ళ భూములు మునిగినయి, మా భూములు తడిసినయి" అన్నాడు. పంతులమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ మాటకు జవాబు ఉండదు. ఎడమ కాల్వ కింద బతికే ప్రతి ఊరూ ఒక్కసారన్నా ఈ నమూనా ముందు నిలబడాలని మాత్రం ఆమెకు గట్టిగా అనిపించింది. బడిపిల్లలను తేవాలి. పంచాయతీ నుంచి ఒక బస్సు కట్టినా సరిపోతుంది.

బయట కొండ అంచున ఇక్ష్వాకుల కాలపు స్నానఘట్టం మెట్లు మళ్ళీ పేర్చి ఉన్నాయి. సున్నపురాతి పలకలు, ఒక్కొక్కటీ నున్నగా దిద్ది, వరస తప్పకుండా అమర్చారు. ఒకప్పుడు వాటి పాదాన కృష్ణ పారింది. ఆ మెట్ల మీదే కూర్చుని పులిహోర తిన్నారు. పులుపు బాగా పట్టి, ఉదయం కంటే రుచిగా ఉంది. దీవి మీద దొరికింది చాయ్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు. ఇంటి అన్నం తెచ్చుకోనివాళ్ళు వాటితోనే సరిపెట్టుకున్నారు. ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసులను రైతు ఏరి సంచీలో వేసుకున్నాడు. కాల్వలో కొట్టుకొచ్చి తూముకు అడ్డుపడేవి ఇవేనని అతనికి తెలుసు.

లాంచీవాళ్ళు ఇచ్చిన వ్యవధి గంటన్నర. దానికి తోడు ఇంకో గంట ఉంటే కోట గోడ వెంబడి చుట్టూ నడవవచ్చు. ఉదయం మొదటి లాంచీ పట్టుకుంటే ఆ వీలుంటుంది. అనుపు చూడాలంటే ఇంకో రోజు కావాలి. అనుపులో తిరిగి కట్టిన రంగస్థలం ఉంది. మధ్యన సుమారు పదహారు మీటర్ల పొడవు, పద్నాలుగు మీటర్ల వెడల్పున దీర్ఘచతురస్రపు నేల, నాలుగు వైపులా మెట్లు. నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీదివాళ్ళకు వినిపిస్తుంది. హారీతి గుడి కూడా అక్కడే. పంతులమ్మ ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని తీసుకెళ్ళింది. ఎడమ ఒడ్డున 274 ఎకరాల్లో పరచుకున్న బుద్ధవనం పార్కు 2022 మేలో తెరుచుకుంది. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు అన్నీ ఒక్క రోజులో కుక్కుకోకుండా, ఒక్కో దానికి ఒక్కో ఆదివారం పెట్టుకోవడం మంచిది. బస్సు ఎలాగూ దగ్గరిదే.

తిరుగు లాంచీలో ఎండ ఏటవాలుగా పడింది. మేనకోడలు నిద్రపోయింది. హాలియా దాటేసరికి చీకటి, మిర్యాలగూడలో మిల్లుల దీపాలు, నేరేడుచర్ల దగ్గర కొత్తగా నాట్లు పడ్డ మడుల్లో చంద్రుడు. కోదాడలో ఆఖరి బస్సు దొరికింది. మునగాలలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఇంటి దగ్గర పక్క చేనువాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "మామా, కాల్వ ఎక్కువైంది. పన్నెండు కొట్టేసరికి నీ వంతు వస్తది" అన్నాడు.

రైతు చొక్కా మార్చి, టార్చి, పార తీసుకున్నాడు. కూతురు గడపలో చెప్పులు వేసుకుంటూ, "నాయినా, నేను కూడ వస్త" అంది. లోపల పంతులమ్మ ఖాళీ డబ్బాలు కడిగి బోర్లించి, గోడ మీది క్యాలెండరు దగ్గర నిలబడింది. అనుపుకు వచ్చే నెలలో ఏ రోజు బాగుంటుందో చూస్తూ, ముందుగా శుక్రవారాలన్నీ పెన్నుతో కొట్టేసింది.